ఇల్లు చూసేటప్పుడు నీళ్ళు ఎంతవరకు వచ్చాయో కూడా అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది విజయవాడ, అజిత్ సింగ్ నగర్. ఇంట్లోనే మిషన్ కుట్టుకుంటాను. మీ పేపర్ మా ఇంటికి చాలా ఏళ్ళుగా వస్తోంది కానీ ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. పోయిన నెల మా అబ్బాయికి ఫ్లాట్ చూడడానికి హైదరాబాద్ వెళ్ళాం, అక్కడ జరిగిన ఒక చిన్న విషయం మనసులోంచి పోవడం లేదు, అందుకే రాస్తున్నాను.

ఫ్లాట్ బాగానే ఉంది. తూర్పు గుమ్మం, వంటగది ఆగ్నేయంలో, గాలీ వెలుతురూ అన్నీ కుదిరాయి. బ్రోకర్ మమ్మల్ని బాల్కనీలోకి తీసుకెళ్ళి "చెరువు చూశారా అమ్మా, ఈ వ్యూ కోసమే ఈ వైపు ఫ్లాట్లకి రేటు ఎక్కువ" అన్నాడు. చూశాను. చెరువు కట్టకీ వీళ్ళ కాంపౌండ్ గోడకీ మధ్య ఒక రోడ్డు వెడల్పు ఉంటే గొప్ప. "2020 అక్టోబర్ వానలకి ఇక్కడ నీళ్ళు ఎంతవరకు వచ్చాయి బాబూ" అని అడిగాను. ఆ అబ్బాయి నా వంకే చూస్తూ ఉండిపోయాడు, ఆ ప్రశ్న అతన్ని ఇంతవరకు ఎవరూ అడగలేదని అర్థమైంది. తర్వాత కిందికి వచ్చి వాచ్‌మన్‌ని అడిగాను. అతను ఏమీ దాచలేదు. సెల్లార్‌లోకి దిగే చోట గోడ దగ్గర నిలబడి తన భుజం మీద చెయ్యి పెట్టి చూపించాడు, ఇక్కడిదాకా అని. కార్లు మునిగాయట, లిఫ్ట్ నెల రోజులు నడవలేదట. ఆ గోడకి ఇప్పుడు చక్కగా కొత్త రంగు వేసి ఉంది.

ఆ రంగు చూసే నాకు కడుపులో దేవినట్టయింది. ఎందుకంటే మా ఇంటి గోడకి కూడా అలాగే రంగు వేశాం.

మేం ఈ ఇల్లు కొన్నది 2011లో. 2005లో బుడమేరు వాగు పొంగి మా పేటలోకి నీళ్ళు వచ్చిన సంగతి మాకు అసలు తెలియదని చెప్పను, ఆ నోటా ఈ నోటా విన్నాం. అమ్మినాయన "అది పాత కథ అమ్మా, ఇప్పుడు ఆ భయం లేదు" అన్నాడు. మాకు అందే ధరలో మా పేరు మీద ఒక ఇల్లు దొరుకుతోంది, నమ్మాలనిపించింది, నమ్మాం. వీధిపోటు ఉందేమోనని ఇద్దరు వాస్తు పండితులకి చూపించిన వాళ్ళం, ఎదురింటి ముసలాయన్ని పిలిచి "తాతగారూ, అప్పుడు నీళ్ళు ఎక్కడిదాకా వచ్చాయి" అని ఒక్క మాట అడగలేదు. అడిగుంటే చెప్పేవాడు. తర్వాత చెప్పాడు కూడా.

2024 ఆగస్టు 31, శనివారం రోజంతా వాన. ఒక్క రోజులో దాదాపు 30 సెంటీమీటర్లు పడిందన్నారు. ఆదివారం పొద్దున్నకి వాన తగ్గుముఖం పట్టింది, హమ్మయ్య అనుకుని మిషన్ ముందు కూర్చున్నాను, వారంలో వినాయక చవితి, ముప్ఫైకి పైగా జాకెట్లు ఇవ్వాలి. ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను, ఎందుకంటే చాలామంది ఇప్పటికీ వాన ఆగితే గండం గడిచినట్టే అనుకుంటారు. మాకు వాన తగ్గాకే నీళ్ళు వచ్చాయి. ముందు వీధి డ్రైనేజీ మూతల్లోంచి బుడగలు, తర్వాత గడప, మధ్యాహ్నానికి మోకాళ్ళు, సాయంత్రానికి కిటికీ. మేం పై వాటా వాళ్ళింటికి చేరేసరికి వెనకాల ఫ్రిజ్ నేల మీద నుంచి లేచి తేలి గోడకి కొట్టుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.

మా అత్తగారిది నాగాయలంక దగ్గర పల్లె. 1977 నవంబర్ 19 రాత్రి దివిసీమ ఉప్పెన చూసిన మనిషి, అప్పటికి మా ఆయన నాలుగేళ్ళ పిల్లాడు, చంకనేసుకుని ఎలా బయటపడిందో ఆవిడ ఎవరికీ పూర్తిగా చెప్పదు. ఆ ఉప్పెనలో పోయిన ప్రాణాలు ప్రభుత్వ లెక్కలోనే పదివేల దాకా. ఆ ఆదివారం నీళ్ళు లోపలికి వస్తుంటే ఆవిడ అడిగిన మొదటి మాట "అమ్మాయ్, ఉప్పు నీళ్ళా, మంచి నీళ్ళా?" అని. నాకు అప్పుడు అర్థం కాలేదు. ఉప్పు నీళ్ళయితే సముద్రం, గోడలా ఒక్కసారిగా వస్తుంది, ఎత్తుకి పరుగెత్తాలి. మంచి నీళ్ళయితే ఏరో వాగో, నెమ్మదిగా ఎక్కుతుంది, కానీ రోజుల తరబడి కదలదు, అప్పుడు తిండీ తాగే నీళ్ళూ మందులూ చూసుకోవాలి. ఏ నీళ్ళో తెలిస్తే ఏం చెయ్యాలో తెలుస్తుందని ఆవిడ లెక్క. ఎవరూ నేర్పలేదు ఆవిడకి. నేను చదివిన చదువులో ఇది లేదు.

మంచి నీళ్ళే. వారానికి పైగా కదల్లేదు.

అత్తయ్యకి ఇన్సులిన్ రోజూ పొడవాలి. పై వాటాలో కరెంటు లేదు కాబట్టి ఫ్రిజ్ ఉన్నా ఒకటే లేకున్నా ఒకటే. పాత మట్టికుండ ఒకటి దొరికితే అందులో నీళ్ళు పోసి, సీసాని కవర్లో చుట్టి చిన్న గిన్నెలో పెట్టి ఆ గిన్నెని నీళ్ళ మీద తేలేట్టు వదిలి, పైన తడి గుడ్డ కప్పాం. మూడో రోజు పడవ దొరికింది, సింగ్ నగర్ ఫ్లై ఓవర్ దాకా తీసుకెళ్ళి దించారు. అప్పటిదాకా పైనుంచి డ్రోన్లు వదిలిన పొట్లాలు, పడవల్లో కుర్రాళ్ళు విసిరిన పాల ప్యాకెట్లు, అవే. ఆ కుర్రాళ్ళలో చాలామంది ఊరూ పేరూ తెలియని వాళ్ళు, వాళ్ళకి ఈ ఉత్తరంలోనే దణ్ణం పెడుతున్నాను.

నీళ్ళు తీశాక ఇల్లు చూస్తే, కుట్టి మడత పెట్టిన జాకెట్లన్నీ ఒక ముద్దగా ఉన్నాయి. ఒక ఎర్ర పట్టు జాకెట్టు రంగు దిగి మిగతా వాటన్నిటికీ అంటుకుంది. చీరలు ఇచ్చిన వాళ్ళు ఒక్కరు కూడా డబ్బులు అడగలేదు, వాళ్ళ ఇళ్ళూ మునిగాయి కదా. ఫైరింజన్ వచ్చి మా వీధి ఇళ్ళు కడిగింది. కింది వాటాలకి 25 వేలు, పై వాటాలకి 10 వేలు ప్రభుత్వం ఇచ్చింది, అందింది, కాదనను. కానీ మిషన్ మోటారు, ఫ్రిజ్, బీరువా, పరుపులు, మా ఆయన బండి, అన్నీ లెక్కేస్తే ఆ డబ్బు ఏ మూలకి?

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. ఆ రోజుల్లో కృష్ణ కూడా మహా ఉధృతంగా ఉంది, ప్రకాశం బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. ఏటా వరదంటే వణికేది కృష్ణలంక వాళ్ళు, పేరులోనే లంక ఉంది, ఏటి ఒడ్డునే ఇళ్ళు. వాళ్ళని ఈసారి రిటైనింగ్ వాల్ కాపాడింది. ఏటికి అంత దూరంలో ఉన్నాం, మాకేంటి అనుకున్న మేం మునిగాం. ఎందుకంటే మా నీళ్ళు కృష్ణవి కావు, బుడమేరువి. మైలవరం వైపు కొండల్లోంచి వచ్చి కొల్లేరులో కలిసే వాగు అది. వెలగలేరు దగ్గర ఆపి ఒక కాలువలోకి మళ్ళించి బ్యారేజీకి పైన కృష్ణలో కలుపుతారు. కృష్ణ నిండుగా ఉన్నప్పుడు ఆ నీళ్ళని తీసుకోదు, వెనక్కి తంతుంది. పైనుంచి వాగు తోస్తోంది, కిందినుంచి కృష్ణ ఆపుతోంది, మధ్యలో కట్టకి గండ్లు పడ్డాయి, చివరికి మిలటరీ వాళ్ళు కూడా వచ్చి పూడ్చాల్సి వచ్చింది. నీరు పల్లమెరుగు అంటారు కదా, ఆ పల్లం మాది. ఇదంతా నాకు మునిగాక తెలిసింది. పదమూడేళ్ళు ఆ ఇంట్లో ఉన్నాను, బుడమేరు ఏ దిక్కు నుంచి ఏ దిక్కుకి పోతుందో అడిగితే చెప్పలేకపోయేదాన్ని.

అందుకే అందరికీ చెప్పేది, ఏరు ఎంత దూరం అని మాత్రమే చూసి ఊరుకోకండి. మీ వీధిలో పడ్డ నీళ్ళు ఎటు పోతాయి, అవి పోయే చోటు నిండిపోతే ఎటు తిరుగుతాయి, అది అడగండి. ఎవర్ని అడగాలి అంటారా, అమ్మేవాణ్ణి అడక్కండి. పాలు పోసే ఆయన్ని, టీ కొట్టు ఆయన్ని, ఇరవై ఏళ్ళ నుంచి అక్కడ ఇస్త్రీ చేసే వాళ్ళని అడగండి. "ఇక్కడికి నీళ్ళు వచ్చాయా" అని అడిగితే లేదనే అంటారు, ఎవరి పేట వాళ్ళకి ముద్దు. "ఏ సంవత్సరం వచ్చాయి, మోకాలిదాకానా నడుందాకానా" అని అడిగితే తెలియకుండానే నిజం చెప్పేస్తారు, నేను హైదరాబాద్‌లో చూసిన ఏడు ఇళ్ళలో నాలుగింటి సంగతి ఇలాగే తెలిసింది. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె ఎత్తు చూడండి, ఒక్కోచోట పక్కన ఉన్నవాటి కంటే బాగా ఎత్తుగా కట్టి ఉంటుంది, కరెంటు వాళ్ళు ఊరికే కట్టరు. పేట పేరులో చెరువు, కుంట, వాగు, లంక, కట్ట ఉన్నాయేమో చూడండి, పేరు పెట్టిన పెద్దవాళ్ళకి అక్కడ ఏముందో తెలుసు. ఇస్రో వాళ్ళ భువన్ సైట్‌లో ఆ స్థలం ఉపగ్రహం బొమ్మలు ఉచితంగా చూడొచ్చు, మా అబ్బాయి చూపించాడు. హైదరాబాద్‌లో అయితే చెరువుల ఎఫ్‌టీఎల్ (చెరువు నిండితే నీళ్ళు చేరే గీత) మ్యాపులు నగరాభివృద్ధి సంస్థ హెచ్‌ఎండీఏ సైట్‌లో పెట్టారు. నిండు చెరువు గీత నుంచి పెద్ద చెరువులకి 30 మీటర్లు, పాతికెకరాల లోపు వాటికి 9 మీటర్లు వదలాలని రూల్. పర్మిషన్ కాగితం ఉంది, బ్యాంకు లోన్ ఇస్తోంది అని ధైర్యపడకండి, ఆ కాగితాలేవీ నీళ్ళని ఆపవు.

ఎత్తులో ఉంటే చాలా అంటే అదీ కాదు. మేం మునగడానికి ముందు రోజే మొగల్రాజపురంలో కొండచరియ విరిగి ఇళ్ళ మీద పడి మనుషులు చనిపోయారు. మా చెల్లెలు వైజాగ్‌లో ఐదో అంతస్తులో ఉంటుంది, నీళ్ళ భయం లేదు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు గాలికి వాళ్ళ కిటికీ అద్దాలు పగిలాయి, తలుపుకి మంచం అడ్డం పెట్టి బాత్రూమ్‌లో కూర్చున్నారు. గాలి ఒక్క రోజుతో పోయింది. తర్వాత కరెంటు లేదు, కరెంటు లేకపోతే మోటారు లేదు, మోటారు లేకపోతే ట్యాంకులో నీళ్ళు లేవు, ఐదంతస్తులు బకెట్లు మొయ్యాలి, మా చెల్లెలికి అప్పుడు ఏడో నెల. రేకుల ఇంట్లో ఉండేవాళ్ళకి మే నెల ఎండే తుఫాను. 2015 వేసవిలో ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే వెయ్యి మందికి పైగా వడదెబ్బకి పోయారు, దాన్ని మనలో చాలామంది విపత్తు అని కూడా అనుకోరు. ఏ భయమూ లేని చోటు దొరకదు, నేను అది వెతకమనడం లేదు. మీరు ఉన్నచోట వచ్చేది నీళ్ళా, గాలా, ఎండా, కొండా, అది తెలుసుకుని దానికి తగ్గట్టు సిద్ధపడమంటున్నాను.

ఇంకో మాట, మీరెందుకు అక్కడ ఉంటున్నారు, లేచి వచ్చెయ్యొచ్చు కదా అని మా బంధువులే అడిగారు. ఎక్కడికి రావాలి? మెరక మీద ఉన్న పేటల్లో అద్దె మాకు అందదు. నా గిరాకీ అంతా ఈ నాలుగు వీధుల్లోనే ఉంది, మా ఆయన పని ఆటోనగర్‌లో. పల్లంలో ఉండేవాళ్ళందరూ తెలివి లేక ఉండరండీ, డబ్బు లేక ఉంటారు. మారలేని వాళ్ళం కాబట్టే సిద్ధంగా ఉండడం నేర్చుకున్నాం. మిషన్ మోటారు ఇప్పుడు రెండు నట్లు తిప్పితే ఊడొచ్చేలా పెట్టించాను, పైకి పట్టుకెళ్ళిపోవచ్చు. ప్లగ్గులు నడుము ఎత్తుకి మార్పించాం. అటక మీద ఒక ప్లాస్టిక్ డబ్బా ఉంది, ఇంటి కాగితాలు, ఆధార్లు, అత్తయ్యకి పది రోజుల మాత్రలు, టార్చి, పవర్ బ్యాంకు, ఓఆర్‌ఎస్, కొబ్బరి తాడు. జూన్ ఒకటో తారీఖున దించి చూస్తాను, మాత్రల డేటు అయిపోతే మారుస్తాను. వాన గట్టిగా పడుతోందంటే ముందు రెండు బిందెల మంచినీళ్ళు పైకి చేరతాయి, గ్యాస్ బండ రెగ్యులేటర్ తీసేస్తాం, మెయిన్ ఆపేస్తాం. పై వాటా వాళ్ళతో ముందే మాట్లాడుకున్నాం, అర్ధరాత్రైనా తలుపు తడతామని. ఆపదలో పిలిచే 112, 1070 నంబర్లు అత్తయ్య కూడా చూసి నొక్కేలా క్యాలెండర్ మీద పెద్దగా రాశాను. మునిగిన బండిని, కారుని ఆత్రంగా స్టార్ట్ చెయ్యకండి, ఇంజన్‌లోకి నీళ్ళు పోయి పూర్తిగా పాడవుతుంది, ఇంజన్‌కి విడిగా కవర్ తీసుకోకపోతే ఇన్సూరెన్స్ వాళ్ళు ఆ రిపేరు తమ లెక్కలో లేదంటారు. మా వీధిలో నలుగురికి ఇలాగే అయింది.

భద్రాచలం వాళ్ళని చూడండి. గోదావరి 43 అడుగులైతే మొదటి హెచ్చరిక, 48కి రెండోది, 53కి మూడోది అని అక్కడ చిన్నపిల్లలకి కూడా తెలుసు. 1986లో 75.6 అడుగులు వచ్చింది, 2022 జులైలో 71.3 వచ్చింది, ఏ అడుగుకి తమ వీధిలోకి నీళ్ళు వస్తాయో ఎవరికి వాళ్ళు చెప్పగలరు. మరి బుడమేరుకి అలాంటి అంకె మా పేటలో ఒక్కరికైనా తెలుసా? వెలగలేరు దగ్గర ఎంత వస్తే సింగ్ నగర్‌కి, పాయకాపురానికి, రాజరాజేశ్వరీపేటకి ఎన్ని గంటల్లో వస్తుందో మాకు ముందే చెప్పే ఏర్పాటు ఉండాలి. ఆ ఆదివారం పొద్దున మూడు గంటల ముందు తెలిసుంటే బీరువాలో బట్టలు, పిల్లల సర్టిఫికెట్లు, ఆ జాకెట్లన్నీ పైకి చేర్చేవాళ్ళం.

ప్రభుత్వాన్ని నేను అడిగేది రెండు. మునిగిన ప్రతి వీధిలో కరెంటు స్తంభం మీద నీళ్ళు వచ్చిన ఎత్తుకి ఒక గీత గీసి తారీఖు రాయండి, డబ్బా పెయింటు ఖర్చు. ఇల్లు, స్థలం రిజిస్ట్రేషన్ అయ్యేటప్పుడు ఆ సర్వే నంబర్‌లో ఎప్పుడు ఎంత ముంపు వచ్చిందో కాగితంలోనే ఉండేట్టు చెయ్యండి, ఆస్తి లావాదేవీలు చూపే ఈసీ కాగితంలో అప్పులు చూపించినట్టే ఇదీ చూపించండి.

మిమ్మల్ని అడిగేది ఒకటి. మీ పేపర్‌లో వారం వారం ఇళ్ళ స్థలాల పేజీ వస్తుంది, స్కూలు ఎంత దూరం, రింగు రోడ్డు ఎంత దూరం అన్నీ రాస్తారు. ఆ పేజీలోనే ఒక మూల, వారానికి ఒక పేట తీసుకుని అక్కడ ఏ సంవత్సరం నీళ్ళు ఎంతవరకు వచ్చాయో వెయ్యండి. పాఠకులే రాసి పంపుతారు, మా పేటది నేను పంపుతాను.

ఆ గీత నేను మా వీధి స్తంభం మీద గీయించబోయాను కూడా. రంగు కలిపి కుర్రాణ్ణి తీసుకొస్తే పక్కింటాయన వచ్చి చేతులు పట్టుకున్నంత పని చేశాడు, "అమ్మా, కింది వాటా ఖాళీగా ఉంది, అద్దెకి వచ్చేవాళ్ళు ఈ గీత చూస్తే రారు, ఆ ఇంటి మీద లోన్ కడుతున్నాను" అన్నాడు. ఆయన ఇల్లు మాకంటే ఎక్కువ మునిగింది. ఆయన్ని తప్పు పట్టలేకపోయాను. స్తంభం వదిలేసి మా గేటు పక్కన, మా గోడ మీదే గీయించాను, ఐదడుగుల ఎత్తున, పక్కన 1-9-2024 అని. పోయిన వారం మా వీధిలో అద్దె ఇల్లు చూడడానికి వచ్చిన కొత్త జంట దాని ముందు ఆగి, ఇదేంటి ఆంటీ అని అడిగారు. లోపలికి పిలిచి కూర్చోబెట్టి అంతా చెప్పాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
అజిత్ సింగ్ నగర్, విజయవాడ.